టీవీ చర్చలు ఓటును మారుస్తాయా?

(జిల్లా శిక్షణా తరగతుల ముగింపు రోజున సంఘం కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ రెండు రోజుల్లో కౌలు చట్టం, విత్తనాల ధరలు, పంటల బీమా గురించి మాట్లాడుకున్నాం. చివర్లో ఈ టీవీ చర్చల గోలేమిటని కొందరికి అనిపించి ఉంటుంది. ఊరికే పెట్టలేదు. మొన్నటి కమిటీ సమావేశానికి ఒక ప్రతిపాదన వచ్చింది. ఎన్నికలు దగ్గరపడేలోగా టీవీ చర్చల్లో కూర్చోగలిగిన పదిమందిని సంఘం తయారుచేయాలి, వాళ్లను హైదరాబాదు, విజయవాడల్లో ఉంచాలి, ప్రయాణాలకీ బసకీ అయ్యే ఖర్చు సంఘమే భరించాలి అని. జనం టీవీ చూసే ఓటేస్తున్నారు, మనం అక్కడ లేకపోతే రైతు మాట అక్కడ ఉండదు అన్నది ఆ ప్రతిపాదన పెట్టినవాళ్ల వాదన. తీసిపారేయాల్సిన వాదన కాదు. కానీ ఖర్చుపెట్టేది సభ్యత్వ రుసుము డబ్బు. కూలికి వెళ్లొచ్చిన ఆడమనిషి కొంగుముడి విప్పి ఇచ్చిన డబ్బు అందులో ఉంది. అందుకని ముందు ఆ చర్చలు నిజంగా ఓటును కదిలిస్తాయా లేదా అన్నది తేల్చుకోవాలి. మేం చదివిందీ చూసిందీ మీ ముందు పెడతాం, నిర్ణయం మీది.

మొదట ఒక తేడా గమనించాలి. కొన్ని దేశాల్లో ఎన్నికల ముందు చర్చ అంటే, పదవికి పోటీపడే నాయకులే ఒక వేదిక మీద నిలబడతారు. ఒకే ప్రశ్నకు ఒకరి తర్వాత ఒకరు జవాబు చెబుతారు. ఎవరి సమయం వాళ్లకు ఉంటుంది. మన దగ్గర రాత్రి ఎనిమిదింటికి వచ్చేది అది కాదు. నాయకుడు రాడు, అధికార ప్రతినిధి వస్తాడు. తెర ఆరు గళ్లో ఎనిమిది గళ్లో అవుతుంది. అందరూ ఒకేసారి అరుస్తారు, అందరికంటే గట్టిగా యాంకరు అరుస్తాడు. ఏ ఛానెల్ ఏ పార్టీదో రిమోట్ పట్టుకున్న చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. నిరుడు ధాన్యం కొనుగోళ్ల మీద చర్చకు రమ్మని ఒక ఛానెల్ వాళ్లు పిలిస్తే మా వాళ్లిద్దరు వెళ్లారు. రెండు గంటలు బయట కూర్చోబెట్టారు. లోపలికి పిలిచాక తేమ 17 శాతం దాటిందని కాంటా దగ్గర ఎంత తరుగు తీస్తున్నారో చెప్పబోతుంటే మధ్యలో ప్రకటనలు వచ్చాయి. ప్రకటనలు అయ్యేసరికి చర్చ ఇద్దరు నాయకుల తిట్ల మీదికి పోయింది. తేమ శాతం ఎవరికీ గుర్తులేదు.

ఇక నాయకుల చర్చలంటారా, మన దగ్గర సవాళ్లకు మాత్రం కొదవలేదు. దమ్ముంటే చర్చకు రా అని ఒకరంటారు, నీకు సమాధానం చెప్పాల్సిన ఖర్మ నాకేమిటని ఇంకొకరంటారు. ప్రెస్ క్లబ్బులో ఒక ఖాళీ కుర్చీ వేసి ఫొటో తీయించుకుంటారు. అంతటితో సరి. 2024 మే నెలలో సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి మదన్ లోకూర్, ఢిల్లీ హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి ఏ.పి. షా, సీనియర్ పాత్రికేయుడు ఎన్. రామ్ కలిసి నరేంద్ర మోదీకి, రాహుల్ గాంధీకి ఉత్తరం రాశారు. పార్టీలతో సంబంధంలేని వేదిక మీద ఇద్దరూ బహిరంగ చర్చకు రావాలని కోరారు. రాహుల్ గాంధీ సరేనన్నారు. చర్చ మాత్రం జరగలేదు. ముందంజలో ఉన్నానని నమ్మేవాడు చర్చకు రాడన్నది ఒక్క మన దేశపు సంగతే కాదు. అమెరికాలో 1960లో మొదటి టీవీ చర్చలు జరిగాక మళ్లీ 1976 దాకా, పదహారేళ్లు, ఒక్క అధ్యక్ష చర్చా జరగలేదు. 1968లోనూ 1972లోనూ నిక్సన్ ఒప్పుకోలేదు.

ఆ 1960 చర్చ దగ్గర కాస్త ఆగుదాం. ప్రపంచంలో ఎవరు టీవీ చర్చల గురించి మాట్లాడినా అక్కడి నుంచే మొదలుపెడతారు. పైగా అందులో రైతు ప్రశ్న ఒకటి ఉంది. దాని గురించి మాత్రం ఎవరూ చెప్పరు.

సెప్టెంబరు 26న షికాగోలో జరిగింది. ఒకపక్క కెనడీ, ఇంకోపక్క అప్పటి ఉపాధ్యక్షుడు నిక్సన్. సుమారు 7 కోట్ల మంది చూశారు. నిక్సన్ మోకాలి జబ్బుతో ఆస్పత్రిలో ఉండి లేచొచ్చాడు, చిక్కిపోయి ఉన్నాడు, మొహానికి సరిగ్గా మేకప్ కూడా వేయించుకోలేదు. కెనడీ నిగనిగలాడుతూ కనిపించాడు. టీవీలో చూసినవాళ్లు కెనడీ గెలిచాడన్నారు, రేడియోలో విన్నవాళ్లు నిక్సన్ గెలిచాడన్నారు అనే కథ మీరు కూడా వినే ఉంటారు. ఆ కథకు ఆధారం ఒకే ఒక చిన్న సర్వే. ఆనాటికే అమెరికాలో పదిళ్లలో దాదాపు తొమ్మిదింట టీవీ ఉంది. మిగిలిన రేడియో ఇళ్లు పల్లెల్లో ఎక్కువ, అక్కడ నిక్సన్ పార్టీకి ముందునుంచే బలం ఎక్కువ అని తర్వాతి పరిశోధకులు ఎత్తిచూపారు. అంటే రేడియో విన్నవాళ్లు నిక్సన్ గొంతుకు పడిపోయి అలా అనలేదు, వినకముందే వాళ్లు ఆయన మనుషులు కావచ్చు.

ఇక రైతు ప్రశ్న. చార్లెస్ వారెన్ అనే రేడియో విలేకరి కెనడీని అడిగాడు. కార్ల కంపెనీ అమ్ముడుపోయేదానికంటే ఎక్కువ కార్లు తయారుచేస్తే మిగిలినవాటిని సర్కారు కొనదు కదా, మరి రైతును మాత్రం ఎందుకింత బుజ్జగించాలి, ఫ్యాక్టరీ యజమానిలాగే రైతూ తన వ్యాపారం తాను ఎందుకు చేసుకోలేడు అని. ఈ మాట మన దగ్గర ఎన్నిసార్లు విన్నాం! మద్దతు ధర అడిగిన ప్రతిసారీ ఏదో ఒక ఆర్థిక నిపుణుడు ఇదే అడుగుతాడు. కెనడీ ఇచ్చిన జవాబు మన సంఘం మనిషి ఎవరైనా ఇవ్వగలిగినదే. రైతు వసంతంలో విత్తుతాడు, నెలల తర్వాత కోస్తాడు. లక్షల మంది రైతులు విడివిడిగా పండిస్తారు కాబట్టి మార్కెట్టు ఎవరి చేతిలోనూ ఉండదు. అందరూ పంటను ఒకేసారి అమ్మకానికి తెస్తారు, కొనేవాళ్లు మాత్రం గుప్పెడుమంది. అందుకని బేరంలో రైతుది ఎప్పుడూ కింది చెయ్యే. ప్రభుత్వం తప్పుకుంటే అంతా గందరగోళమే. సారాంశం ఇది. నిక్సన్ కూడా రైతును తిట్టలేదు. యుద్ధకాలంలో ఎక్కువ పండించమని ప్రోత్సహించింది సర్కారే కాబట్టి ఈ నిల్వల బాధ్యత సర్కారుదే, వాటిని ఖర్చుచేసే దారి చూడాలి, రైతుల మీద ఇంకా ఆంక్షలు పెట్టొద్దు అన్నాడు.

ఇద్దరి జవాబులూ పక్కపక్కన పెట్టి చదివితే రైతుకు నచ్చాల్సింది కెనడీ జవాబే అని మాకనిపిస్తుంది. మన పక్షపాతం కొంత ఉండొచ్చు, సరే. నవంబరులో ఏం జరిగింది? కెనడీ దేశం మొత్తం మీద గెలిచాడు. పోలైన 6 కోట్ల 80 లక్షల పైచిలుకు ఓట్లలో ఆయన ఆధిక్యం సుమారు 1 లక్షా 13 వేలు. కానీ మొక్కజొన్న, గోధుమ పండించే అయోవా, నెబ్రాస్కా, కాన్సాస్, ఉత్తర డకోటా, దక్షిణ డకోటా అన్నీ నిక్సన్‌కే వేశాయి. అంతకుముందు ఏళ్లలో నిక్సన్ పార్టీ వ్యవసాయ మంత్రి ఎజ్రా బెన్సన్ మీద ఆ రైతులకు ఎంత కోపమున్నా సరే. ఎందుకంటే కెనడీ క్యాథలిక్. ఆ పల్లెల్లో ఎక్కువమంది ప్రొటెస్టెంటులు. మతం ఒకటి అడ్డొచ్చింది, తాతల కాలం నుంచి వేస్తున్న పార్టీ ఇంకొకటి అడ్డొచ్చింది. టీవీలో వచ్చిన మంచి జవాబు ఆ రెండింటినీ దాటలేకపోయింది. మన ఊళ్లలో కులం, పార్టీ చేసే పని చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

టీవీయే తనను గెలిపించిందని కెనడీ తర్వాత అన్నాడు. తేడా అంత సన్నగా ఉన్నప్పుడు దేన్ని కారణంగా చూపినా కాదనలేం.

తర్వాతి ఎన్నికలు చూసినా ఇదే కనిపిస్తుంది. బ్రిటన్‌లో 2010 ఏప్రిల్ 15న మొదటిసారి ముగ్గురు నాయకుల టీవీ చర్చ జరిగింది. మూడో పార్టీ నాయకుడు నిక్ క్లెగ్ ఆ రాత్రికి రాత్రే హీరో అయ్యాడు, సర్వేల్లో ఆయన పార్టీ మొదటి స్థానం దాకా ఎగబాకింది. మూడు వారాల తర్వాత ఓట్లు లెక్కపెడితే 23 శాతం వచ్చాయి, అంతకుముందు ఎన్నికల్లో 62 సీట్లుంటే ఈసారి 57కి దిగాయి. అమెరికాలో 2016లో హిల్లరీ క్లింటన్ మూడు చర్చల్లోనూ మెరుగ్గా మాట్లాడారని చూసినవాళ్లే సర్వేల్లో చెప్పారు. ట్రంప్ గెలిచాడు. 2024 సెప్టెంబరులో కమలా హారిస్ విషయంలోనూ అంతే.

2024 జూన్ 27 నాటి బైడెన్, ట్రంప్ చర్చ సంగతేమిటని మీరు అడుగుతారు. అడగాలి కూడా. ఆ చర్చలో బైడెన్ మాట తడబడింది, మధ్యలో దారి తప్పాడు. ఆ తర్వాత నాలుగు వారాలు తిరక్కుండానే, జూలై 21న, పోటీ నుంచి తప్పుకున్నాడు. ఒక్క చర్చ ఇంత పని చేసింది. కానీ గమనించండి, ఓటర్లు పెద్దగా కదల్లేదు. సర్వేల్లో తేడా రెండు మూడు శాతానికి మించలేదు. కదిలింది పార్టీ పెద్దలు, విరాళాలిచ్చే సంపన్నులు, సొంత పార్టీ ఎంపీలు. ఈయనతో గెలవలేం అని భయపడి వాళ్లే దింపేశారు. టీవీ చర్చ జనం కంటే పెద్దలను ఎక్కువ కదిలిస్తుందన్న ఈ సంగతి మనసులో పెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఈ ఉదాహరణలన్నీ మేం కావాలని ఏరుకున్నవని అనుకునేవాళ్ల కోసం ఒక పెద్ద పరిశోధన గురించి చెబుతాం. కరోలిన్ ల పెనెక్, విన్సెంట్ పాన్స్ అనే ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు 1952 నుంచి 10 దేశాల్లో జరిగిన 62 ఎన్నికలు, 56 టీవీ చర్చల సమాచారం తీసుకున్నారు. ఒకే ఓటరును పోలింగుకు ముందొకసారి, తర్వాతొకసారి అడిగిన సర్వేలవి. చివరి రెండు నెలల్లో ఎవరికి వేయాలో తేల్చుకున్నవాళ్లు 17 నుంచి 29 శాతం దాకా ఉన్నారు. అంటే జనం మనసు మార్చుకోరన్నది నిజం కాదు, మార్చుకుంటారు, ఆలస్యంగానే తేల్చుకుంటారు. కానీ చర్చ జరిగిన రోజుకు ముందూ తర్వాతా చూస్తే ఆ మార్పులో చర్చ చేతి జాడ కనపడలేదు.

ఎందుకిలా? కోడిపందేలు చూసినవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. బరి చుట్టూ నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది ముందే పందెం కాసినవాళ్లు. తమ కోడి దెబ్బ కొడితే కేక వేయడానికే వస్తారు. అవతలి కోడి బాగా పోరాడిందని పందెం డబ్బు ఇటు నుంచి అటు మార్చేవాడు ఉండడు. గంటన్నర కూర్చుని రాజకీయ చర్చ చూసేవాడు కూడా చాలావరకు ఇప్పటికే ఒకపక్క నిలబడ్డవాడే. ఎటూ తేల్చుకోనివాడు ఆ సమయానికి సీరియల్ చూస్తుంటాడు, లేదా పొలానికి కరెంటు ఎప్పుడొస్తుందా అని మోటారు దగ్గర పడుకుని ఉంటాడు.

చర్చల వల్ల అసలేమీ జరగదని మాత్రం అనం. 1976 అక్టోబరు 6న అమెరికా అధ్యక్షుడు ఫోర్డ్ ఒక చర్చలో తూర్పు ఐరోపా మీద సోవియట్ పెత్తనం లేదన్నాడు. పెద్ద పొరపాటు మాట. ఆ రాత్రి చర్చ కాగానే ఫోన్లు చేసి అడిగితే జనంలో ఎక్కువమంది దాన్ని పట్టించుకోలేదు, ఫోర్డ్ బాగానే మాట్లాడాడన్నారు. మర్నాడంతా పత్రికలు, టీవీలు ఆ ఒక్క మాటనే పట్టుకుని తిప్పాక, సాయంత్రానికి అదే జనం కార్టర్ గెలిచాడన్నారు. చర్చ మారలేదు, దాని గురించి తర్వాత నడిచిన మాట మారింది. ఇప్పుడు ఆ పని ముప్ఫై సెకన్ల వీడియో చేస్తోంది. గంట చర్చ చూడనివాడికి కూడా ఆ ముక్క వాట్సాప్‌లో వస్తుంది, ఎవరు కత్తిరించారో తెలియకుండా వస్తుంది.

మన ఉద్యమంలోనూ ఇది చూశాం. 2020 సెప్టెంబరులో మూడు వ్యవసాయ చట్టాలు వచ్చాయి. రాజ్యసభలో ఓట్లు లెక్కపెట్టకుండా మూజువాణీ ఓటుతో గట్టెక్కించారు. నవంబరు 26 నుంచి రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చుంటే, ఏడాది పొడవునా ఎన్నో ఛానెళ్లు రాత్రిళ్లు వాళ్లకు వ్యతిరేకంగానే చర్చలు పెట్టాయి. ఖలిస్తానీలన్నారు, దళారుల మనుషులన్నారు. సరిహద్దుల్లో కూర్చున్నవాళ్లు ఆ స్టూడియోలకు పరిగెత్తుకు వెళ్లలేదు. డిసెంబరులో ట్రాలీ టైమ్స్ అని తమ సొంత పత్రిక వేసుకున్నారు, ట్రాక్టరు ట్రాలీల్లో చదువుకున్నారు. ఊరూరా మహాపంచాయతీలు పెట్టారు. 2021 నవంబరు 19న చట్టాలు వెనక్కి తీసుకుంటామని ప్రధాని ప్రకటించాల్సి వచ్చింది. టీవీ చర్చల్లో ఎవరు గెలిచారని లెక్క చూస్తే మనం రోజూ ఓడిపోయినట్టే ఉండేది.

మరి రైతు ఓటును ఏది కదిలిస్తుంది? మన దేశంలోనే రెండు ఉదాహరణలున్నాయి. ఉల్లిది త్వరగా చెబుతాం. 2023 డిసెంబరు 8న ఉల్లి ఎగుమతులు నిషేధించారు. ధర పడిపోయింది. 2024 మే 4న, మహారాష్ట్రలో పోలింగు మధ్యలో ఉండగా, 40 శాతం సుంకం తగిలించి నిషేధం ఎత్తేశారు. అప్పటికే ఆలస్యమైంది. ఉల్లి పండే నాసిక్, దిండోరీ రెండు సీట్లూ అధికార కూటమి పోగొట్టుకుంది, దిండోరీలో ఓడిపోయింది ఒక కేంద్ర సహాయ మంత్రి. ఉల్లి ఒక్కటే కారణమని చెప్పలేం, మరాఠా రిజర్వేషన్ గొడవ ఉంది, పార్టీల చీలికలు ఉన్నాయి. కానీ లాసల్‌గావ్ మార్కెట్లో క్వింటాలుకు ఎంత పలికిందో రైతుకు చెప్పడానికి యాంకరు అక్కర్లేదు.

రెండోది నిజామాబాద్. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు చేసింది దేశమంతా చూసింది. పసుపుకు క్వింటాలుకు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500 ఇవ్వాలని, పసుపు బోర్డు పెట్టాలని ఆర్మూరు దగ్గర రోడ్డెక్కారు. ఎవరూ పట్టించుకోకపోతే 170 మందికి పైగా రైతులు స్వతంత్రులుగా నామినేషన్లు వేశారు. బరిలో మొత్తం 185 మంది. ఒక ఓటింగు యంత్రం మీద పదహారు పేర్లే పడతాయి కాబట్టి ప్రతి పోలింగు కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. ఓటెయ్యడానికి లోపలికి వెళ్లిన ప్రతి ఒక్కరూ, రైతు కానివాళ్లు కూడా, ఆ పన్నెండు పెట్టెల ముందు నిలబడి పసుపు గురించి ఆలోచించక తప్పలేదు. ఏ ఛానెల్ ఇంత గట్టిగా ఒక అంశాన్ని ఓటరు ముందుకు తేగలదు? సిట్టింగు ఎంపీ కవిత 70 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చిన ధర్మపురి అరవింద్ గెలిచారు.

తర్వాత సంగతి కూడా చెప్పుకోవాలి. బోర్డు ప్రకటన 2023 అక్టోబరులో వచ్చింది, ప్రారంభం 2025 జనవరిలో జరిగింది. పసుపుకు కేంద్ర మద్దతు ధర మాత్రం లేదు, ఆ జాబితాలోనే పసుపు లేదు. రైతులు ప్రశ్నను ఊరూరా వినపడేట్టు చేశారు, అది పెద్ద విజయం. కానీ అభ్యర్థులందరినీ ఒకచోట నిలబెట్టి బోర్డు అంటే ఏమిటి, దానికి నిధులెన్ని, ధరకు హామీ ఎవరిస్తారు అని అందరి ముందూ నిలదీసే వేదిక అప్పుడు లేదు. బాండు పేపరులో ఏముండాలో రాసినాయనే తేల్చుకున్నాడు.

అటువంటి వేదిక పెడితే ఫలితం ఉంటుందా? ఉంటుందని చూపిన చోటు ఒకటుంది, సియెర్రా లియోన్. పశ్చిమ ఆఫ్రికాలో చిన్న దేశం, వరి, కర్రపెండలం పండించుకుని బతికే జనం ఎక్కువ. అక్కడ కూడా ఉత్తరాన ఒక తెగ ఒక పార్టీకి, దక్షిణాన ఇంకో తెగ ఇంకో పార్టీకి వేయడం ఆనవాయితీ. 2012 పార్లమెంటు ఎన్నికల్లో 14 నియోజకవర్గాల్లో అభ్యర్థులను కూర్చోబెట్టి, అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే సమయం ఇచ్చి చర్చలు పెట్టారు. వీడియో తీశారు. టీవీలో వేయలేదు, వేసినా పల్లెల్లో చూసేవాళ్లు తక్కువ. ప్రొజెక్టరు, తెర తీసుకుని 112 పోలింగు కేంద్రాల పరిధిలోని ఊళ్లకు వెళ్లి రాత్రిపూట సినిమాలాగా అందరి ముందూ ఆడించారు. బిడ్‌వెల్, కేసీ, గ్లెనెర్‌స్టర్ అనే ముగ్గురు పరిశోధకులు ఆ ఊళ్లనూ వీడియో ఆడించని ఊళ్లనూ పోల్చి చూశారు.

వీడియో చూసిన ఊళ్లలో జనానికి తమ అభ్యర్థులెవరో, ఎవరు ఏమంటున్నారో, ఎంపీ చేయాల్సిన పనేమిటో ఎక్కువ తెలిసింది. చర్చలో బాగా చెప్పినవాడి ఓట్లు పెరిగాయి. పెద్ద పెరుగుదల కాదు, కొద్ది శాతం. ఎక్కువమంది పాత పార్టీకే వేశారు. కానీ మన దగ్గర ఎమ్మెల్యేలు ఎన్నెన్ని ఓట్ల తేడాతో గెలుస్తున్నారో మీకు తెలుసు, రెండు వేలు, మూడు వేలు కూడా ఉంటాయి. ఇంకో విశేషం, ఏ ఊళ్లో వీడియో ఆడిందో తెలుసుకుని అభ్యర్థులు ఆ ఊళ్లకే ఎక్కువ తిరిగారు, అక్కడే ఎక్కువ ఖర్చుపెట్టారు. అంతకంటే ముఖ్యమైంది గెలిచాక జరిగింది. చర్చలో పాల్గొన్న ఎంపీలు మిగతావాళ్లకంటే ఎక్కువగా నియోజకవర్గంలో కనపడ్డారు, అభివృద్ధి నిధి ఎక్కువ ఖర్చుపెట్టారు. నలుగురిలో కూర్చుని చెప్పిన మాట వెంటాడింది కాబోలు. ఇందాక మనసులో పెట్టుకోమన్న సంగతి ఇదే. చర్చ ఓటరుకంటే నాయకుణ్ని ఎక్కువ కదిలిస్తుంది.

సంపన్న దేశాల్లో పనిచేయనిది అక్కడెందుకు పనిచేసింది? అమెరికా ఓటరు అధ్యక్ష అభ్యర్థిని రెండేళ్లుగా రోజూ చూస్తున్నాడు, ఒక రాత్రి చర్చలో కొత్తగా తెలిసేదేముంది? అక్కడి పల్లె ఓటరుకు తన ఎంపీ అభ్యర్థి మొహమే కొత్త. మన ఊళ్లు ఈ రెండింటికీ మధ్యలో ఉన్నాయి. ముఖ్యమంత్రి అభ్యర్థుల గురించి అందరికీ అన్నీ తెలుసు. జడ్పీటీసీకి నిలబడ్డవాడు, చాలాచోట్ల ఎమ్మెల్యేకి నిలబడ్డవాడు కూడా, కౌలు రైతు గురించి ఏమనుకుంటున్నాడో ఎవరికీ తెలియదు. అతన్ని ఎవరూ అడగలేదు కూడా.

అందుకని కమిటీ ఆలోచన ఇది. పదిమందిని నగరాల్లో ఉంచే ఖర్చు వద్దు. ఏదైనా ఛానెల్ పిలిస్తే, దగ్గర్లో ఉన్నవాళ్లు వెళ్లి మాట్లాడితే అభ్యంతరం లేదు, సంఘం డబ్బు మాత్రం దానికి పెట్టొద్దు. ఆ డబ్బుతో వచ్చే ఎన్నికల్లో ప్రతి మండలంలో ఒక ఉమ్మడి వేదిక పెడదాం. మార్కెట్ యార్డు షెడ్డు చాలు. గుర్తింపు ఉన్న పార్టీల అభ్యర్థులు, గట్టిగా పోటీలో ఉన్న స్వతంత్రులు, అందరికీ ఒకేలాంటి ఉత్తరం, ఒకే తేదీ. రిటర్నింగు అధికారి అనుమతి ముందే తీసుకోవాలి, పోలింగు ముగియడానికి 48 గంటల ముందే అంతా అయిపోవాలి, మైకు రాత్రి పదిలోపు ఆపాలి. భోజనాలు పెట్టొద్దు. మంచినీళ్లు, మజ్జిగ చాలు, లేకపోతే అది ఎవరో ఒక అభ్యర్థి ఖర్చు కింద రాస్తారు.

ప్రశ్నలు మాత్రం ఊళ్ల నుంచి రావాలి, ఇక్కడ కూర్చుని మేం రాయకూడదు. అయినా నమూనాకు ఒకటి రెండు చెబుతాం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకు గుర్తింపు కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి. ఆ సంతకం కోసం తిరిగి తిరిగి వదిలేసినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. ఆ నిబంధన మారుస్తారా మార్చరా, ఒక్క మాటలో చెప్పండి అని అడగాలి. తెలంగాణలో అయితే 2011 నాటి కౌలుదారుల చట్టం కాగితాల మీదే ఉంది, దాన్ని అమలుచేస్తారా అని. కొనుగోలు కేంద్రంలో తరుగు తీస్తే ఎవరి మీద చర్య తీసుకుంటారు, ఫోన్ నంబరుతో సహా చెప్పండి అని. రైతు సంక్షేమం మీ లక్ష్యమా అని అడిగితే అవునంటారు, అందరూ అంటారు, అలాంటివి వద్దు.

అభ్యర్థులు రారని కొందరంటున్నారు. కొందరు రారు. రానివాళ్ల కుర్చీ మీద పేరు రాసి అలాగే ఉంచుదాం. టీవీ స్టూడియోలో ఖాళీ కుర్చీని ఎవరూ పట్టించుకోరు. మండల కేంద్రంలో అదే రోజు సాయంత్రం టీకొట్టు దగ్గర దాని గురించి మాట్లాడతారు, మరుసటి ఊళ్లో ఆయన ప్రచారానికి వెళ్తే ఎందుకు రాలేదని అడుగుతారు. గొడవలు అవుతాయని ఇంకొందరి భయం. అందుకే ఎదురెదురు తిట్టుకునే అవకాశం ఇవ్వొద్దు. ఒక్కో ప్రశ్నకు ఒక్కొక్కరికీ మూడు నిమిషాలు, వరస చీటీలు తీసి నిర్ణయిద్దాం, గడియారం పట్టుకునేది ఏ పార్టీకీ చెందని ఉపాధ్యాయుడో రిటైరైన ఉద్యోగో. డబ్బు పంచితే ఇదంతా కొట్టుకుపోతుందన్నారు మరొకరు. డబ్బు పంచుతారు. అది ఆపే శక్తి ఈ వేదికకు లేదు, ఆపుతామని మేం చెప్పడం లేదు.

వీడియో తప్పనిసరి. సెల్‌ఫోన్‌తో తీసినా చాలు, కానీ మొదటి నుంచి చివరి దాకా ముక్కలు చేయకుండా తీయాలి. మనవాళ్లు కూడా కత్తిరించి పంపొద్దు. బడి గోడ మీద ప్రొజెక్టరుతో ఆడించాలి, ఆడవాళ్లు చూడగలిగే సమయంలో, అంటే వంటలు అయ్యాక. ఎస్సీ కాలనీలో విడిగా ఇంకోసారి ఆడించాలి, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. సంఘం ఏ అభ్యర్థినీ బలపరచదు, ఆ రోజు మన కండువాలు కూడా వద్దు. వీడియో సంఘం కార్యాలయంలో అయిదేళ్లు భద్రంగా ఉండాలి. గెలిచిన ఆయన రెండేళ్ల తర్వాత ఇంకో మాట మాట్లాడితే అదే గోడ మీద మళ్లీ ఆడిస్తాం.

ఖర్చు లెక్క మీ చేతుల్లోని కాగితంలో ఉంది. ప్రొజెక్టరు అద్దె ఎక్కువ రాశారని ఇప్పటికే ఒకరు చెప్పారు, కనుక్కుంటాం. ఇప్పుడు ప్రతిపాదన పెట్టిన మిత్రులు తమ వాదన వినిపించాలి, ఆ తర్వాత ఓటింగు. ముందు వెనక వరసలో కూర్చున్న అక్కలు మాట్లాడతారు, పొద్దుటి నుంచీ వాళ్లకు మైకు అందలేదు.